కొరియాలో బతికున్న ఆక్టోపస్ తింటారట, నోట్లో నిజంగా కదులుతుందా?

కదులుతుంది. సియోల్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో రెండుసార్లు తిన్నాను కాబట్టి మీ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పగలను. దాని పేరు సన్నక్జి. 'సన్' అంటే బతికున్న, 'నక్జి' అంటే పొడవాటి చేతులున్న చిన్న ఆక్టోపస్.

మొదటిసారి తిన్నది నోర్యాంగ్జిన్ చేపల మార్కెట్‌లో. కింద తొట్లలో ఈదుతున్నవాటిని బేరమాడి కొనుక్కుని పై అంతస్తులోని హోటల్‌కు తీసుకువెళ్తే, కొంత రుసుము తీసుకుని కోసి పెడతారు. వడ్డించే ఆవిడను అందరూ 'ఇమో' అంటారు, అంటే పిన్ని అన్నమాట. ఆమె నక్జిని పీటమీద వేసి టకటకా ముక్కలు కొట్టి, ఉప్పు, నువ్వుల నూనె, నువ్వులు వేసి నిమిషంలో తెచ్చింది. పళ్లెం నిండా ముక్కలు మెలికలు తిరుగుతున్నాయి. చాప్‌స్టిక్స్‌తో ఒకదాన్ని లాగితే సాగింది కాని ఊడి రాలేదు. అడుగున నాలుగు చూషకాలు పింగాణీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నూనెలో అటూ ఇటూ దొర్లించాక పట్టు వదిలింది.

నోట్లో పెట్టుకోగానే బుగ్గ లోపల అతుక్కుంది. ఇమో నా ఎదురుగా నిలబడి 'కోక్కోక్' అంటూ దవడ కదిలించి చూపించింది, బాగా నమలమని. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. సరిగా నమలకుండా మింగితే ముక్క గొంతులో అతుక్కుంటుంది. ఊపిరాడక చనిపోయినవాళ్లు ఉన్నారు. తాగిన మత్తులో ఉన్నవాళ్లు, పళ్లు సరిగా లేని పెద్దలు, చిన్నపిల్లలు దీని జోలికి పోకూడదు.

కోసిన తరువాత కూడా ఎందుకు కదులుతుందంటే, ఆక్టోపస్ నాడీకణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. తల నుంచి తెగిపోయినా అవి కాసేపు పనిచేస్తూనే ఉంటాయి. ఉప్పు తగిలితే ఆ కదలిక ఇంకా పెరుగుతుంది.

రుచి అంటారా, నక్జికి సొంత రుచి తక్కువ. తెలిసేదంతా నువ్వుల నూనె కమ్మదనమే. అదే బల్లమీద పెట్టిన మొంగె నాకు నిజంగా నచ్చింది. అది రాళ్లకు అతుక్కుని పెరిగే సముద్రజీవి, లోపల నారింజ రంగు కండ. మొదట చేదు, వెంటనే సముద్రపు ఉప్పదనం, చివర చాలాసేపు నిలిచే తీపి.

నైరుతి తీరంలో మొక్పో, మువాన్ వైపు సన్నకాళ్ల చిన్న నక్జిని కోయకుండా చెక్క పుల్లకు చుట్టి మొత్తంగా తింటారు. అక్కడి మిత్రుడొకరు ఆప్యాయంగా అందించినా నేను తీసుకోలేదు. కత్తి కింద ప్రాణం త్వరగా పోతుంది, పళ్ల మధ్య పోదు. ఆక్టోపస్‌కు నొప్పి తెలుస్తుంది. బ్రిటన్ 2022లో చేసిన జంతు సంక్షేమ చట్టం కూడా దాన్ని బాధ తెలిసిన ప్రాణుల్లో చేర్చింది. నేను వద్దనేసరికి ఆ మిత్రుడు ఏమీ అనుకోలేదు, కారంగా వేయించిన నక్జి బొక్కుమ్ తెప్పించాడు. వేడి అన్నంలో కలుపుకుని తింటే, మన ఇంట్లో తిన్నట్టే అనిపించింది.

మీరు వెళ్తే మొదట ఆ బొక్కుమ్ తినండి. సన్నక్జి రుచి చూడాలనే ఉంటే, కొనేటప్పుడే 'జల్లా జుసెయొ' అనండి, కోసి ఇవ్వమని.