కంట్లో చుక్కలు వేశాక పాప వింతగా మాట్లాడింది

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా నాలుగేళ్ల పాపకు పవర్ చూడడానికి ఒక ఆస్పత్రిలో రెండు మూడుసార్లు చుక్కలు వేశారు. అరగంటకల్లా ముఖం ఎర్రబడింది, తూలుతూ నడిచింది, గోడ మీద చీమలున్నాయని ఏడ్చింది, అక్కడ ఏమీ లేవు. రాత్రికి మామూలైంది. మా అత్తగారు గాలి సోకిందంటున్నారు. ఆర్నెల్లకు మళ్లీ రమ్మన్నారు. వెళ్లాలా, మానాలా? ఒకటే టెన్షన్.

జవాబు: వెళ్లాలమ్మా, కానీ జరిగిందంతా చుక్కలు వేయకముందే చెప్పాలి. మీరు రాసింది చూస్తే మందు వల్లే అనిపిస్తోంది. సైక్లోపెంటోలేట్ అనే చుక్కలతో అరుదుగా ఇలా అవుతుంది. పిల్లల్లో దగ్గరి వస్తువుల్ని చూపే కండరం చాలా గట్టిది, దాన్ని కాసేపు ఆపితే తప్ప అసలు పవర్ తేలదు, అందుకని అలాంటి చుక్కలు మానలేం. అయితే వేసిన మందంతా కంట్లోనే ఉండదు, కన్నీటి నాళం గుండా ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. చిన్న ఒంటికి ఆ కాస్తే ఎక్కువై మగత, పట్టలేనంత హుషారు, పొంతనలేని మాటలు, లేనివి కనబడడం లాంటివి వస్తాయి. చాలామందికి కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. అత్తగారి మీద కోప్పడకండి, అలా చూస్తే ఎవరికైనా భయమే, ఆవిడకు ఇదే నెమ్మదిగా చెప్పండి.

ఆ రోజు వేసిన మందు పేరు, ఎంత శాతమో ఆస్పత్రిలో అడిగి పాప ఫైల్లో రాయించండి. ఇది మాత్రం మరచిపోవద్దు. 2 శాతం చుక్కలతో ఈ ప్రమాదం ఎక్కువ, ఏడాదిలోపు పసివాళ్లకైతే 0.5 శాతమే వాడతారు. పేరు తెలిస్తే డాక్టరు ట్రోపికమైడ్ లాంటి వేరే మందు వాడాలా, చుక్కలు తగ్గించాలా అని ఆలోచిస్తారు. చుక్క పడగానే ముక్కు పక్కన కంటి మూలను రెండు నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచితే రక్తంలోకి వెళ్లేది తగ్గుతుంది. పాపకు ఫిట్స్ ఉంటే అదీ చెప్పండి. చుక్కలయ్యాక కాసేపు అక్కడే కూర్చోండి. ఫిట్స్ వచ్చినా, ఎంత లేపినా లేవకపోయినా, ఒళ్లు కాలిపోతున్నా తగ్గుతుందిలే అని చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఈసారి ఇంట్లో వేయమని అట్రోపిన్ ఆయింట్‌మెంట్ రాస్తే, తీసుకునేముందే పాత సంగతి చెప్పండి, ఎందుకంటే అదీ ఇదే తరహా మందు, దాని ప్రభావం వారం పైనే ఉంటుంది.