మార్చిలో పిట్టల లెక్కకు వచ్చేముందు

బుజ్జమ్మా,

మార్చి ఆఖర్లో మీ కాలేజీ వాళ్లతో వచ్చి వలస పిట్టల్ని లెక్కపెడతానన్నావు, సంతోషం. కొల్లేరు వెళ్దామా అన్నావు చూడు, దానికి అంత దూరం అక్కర్లేదు. పెలికాన్లూ ఎర్రకాళ్ల కొంగలూ కావాలంటే కొల్లేట్లోని ఆటపాక వెళ్లు. గాడ్విట్లు, స్టింట్‌లు, ఉల్లంకి పిట్టలు, అంటే బురదలో ముక్కు పెట్టి తినేవాటికి మన ఊరి చుట్టుపక్కలే చాలు.

అవి ఎక్కడ దిగాయో తెలియాలంటే ముందు నీళ్ల సంగతి తెలియాలి. అప్పటికి దాళ్వా చేలు, అంటే రెండో పంట వరి, ఈనేసి గుబురుగా ఉంటాయి, వాటిలో ఆ పిట్టలకి కాలు మోపే చోటుండదు. మీక్కావాల్సింది చేపలు పట్టేసి నీళ్లు తోడేసిన చెరువు. అడుగున పలచగా నీళ్లు, చుట్టూ తడి బురద ఉన్న ఆ కొద్ది రోజులే, ఎండకి బీటలు కొట్టిందంటే ఇంకేమీ ఉండదు. కాబట్టి ముందురోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చుని ఏ చెరువు పట్టారో కనుక్కోండి, యాప్‌లో పాత లిస్టులు చూసుకుంటే దొరికేది కాదిది. గట్టెక్కేముందు కాపలా అతన్ని అడగండి, కెమెరాలతో తిరిగే కొత్తవాళ్లంటే వాళ్లకి అనుమానం.

పొద్దున్నే వెళ్లండి, ఎండ మీ వీపు వైపు ఉండాలి.

లెక్క దూరం నుంచే మొదలుపెట్టండి. ముందు పది పిట్టల్ని సరిగ్గా లెక్కపెట్టి, అవి ఎంత మేర ఉన్నాయో కంటితో పట్టుకుని, అదే కొలతతో గుంపు చివరిదాకా వెళ్లడమే. ఎడమ నుంచి ఒకరు, కుడి నుంచి ఇంకొకరు లెక్కపెట్టి, మరీ తేడా వస్తే మళ్లీ చూడండి. పిట్టల లెక్కలు రాసే ఈబర్డ్ యాప్‌లో అంకె బదులు ఎక్స్ పెట్టి వదిలేస్తారు కొందరు, నాకది నచ్చదు, ఉజ్జాయింపు అంకైనా నయం.

పేర్ల దగ్గర తొందరొద్దు. వీపున తెల్ల చుక్కలు, కంటిపైన తెల్ల చార, పసుపు కాళ్లు ఉంటే వుడ్ శాండ్‌పైపర్, ఎక్కువగా కనబడేది అదే. ఇంకా ముదురుగా ఉండి, ఎగిరినప్పుడు రెక్కల కింద నలుపు, తోక మొదట తెలుపు కొట్టొచ్చినట్టు కనబడితే గ్రీన్ శాండ్‌పైపర్. అసలు తిరకాసు ఏంటంటే ఈ రోజుల్లో అవి రంగు మారుతుంటాయి. గోల్డెన్ ప్లోవర్‌కి మొహం నుంచి పొట్టదాకా నలుపు దిగుతుంది, కర్లూ శాండ్‌పైపర్ ఇటుక రంగుకొస్తుంది. సగం మారి మచ్చమచ్చలుగా ఉన్నదాన్ని చూసి కొత్త జాతి దొరికిందని గంతులేయకండి. తేలకపోతే ఉత్త శాండ్‌పైపర్ అని రాసే వీలుంది, అదే రాయండి.

ఫొటో కోసం లేపొద్దు. ప్లోవర్లు సైబీరియా దాకా పోవాలి, దారికి సరిపడా కొవ్వు పట్టించుకునే రోజులివి. మీరు ఎంత మెల్లగా నడిచినా ఒక్క తీతువు చాలు, అరిచి చెరువంతా లేపుతుంది. అది మీ నెత్తి మీదే తిరుగుతుంటే దగ్గర్లో గుడ్లున్నాయేమో అనుకోవాలి. మట్టి రంగులో నేల మీదే పెడుతుంది, కిందకి చూస్తూ వెనక్కి రండి. తీతువు అరుపు అపశకునమని మీ నాయనమ్మ గొణుగుతుంది, గొణగనీ.

ఏమీ లేని చెరువు కూడా రాయండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి జరుగుతోంది, కాకినాడ దగ్గర కోరింగ వైపు అప్పుడు జనం బాగానే తిరుగుతారు. పిట్టల తిరుగు ప్రయాణంలో మన చెరువుల్లో ఏం దిగుతున్నాయో రాసేవాళ్లు తక్కువ. అందుకే వీలైతే ఏప్రిల్ మూడో వారంలో ఇంకోసారి రా, అవే చెరువులు, అదే టైమ్‌కి.

స్కోపు, అదే పిట్టల్ని చూసే టెలిస్కోపు, ఎవరిదగ్గరైనా ఉంటే తెండి, బైనాక్యులర్ నా దగ్గరుంది. గట్లు జారతాయి, స్లిప్పర్లతో రావద్దని మీవాళ్లకి చెప్పు.

మీ పెదనాన్న