ఓటీని జీతంలో కలపొద్దు తమ్ముడూ

టెక్కలి వైపు నుంచి కొత్తగా దుబాయ్ వచ్చిన వెల్డర్ తమ్ముడొకడు మొన్న అడిగాడు: "అన్నా, 1,825 దిర్హాములు వస్తున్నాయి. ఇరవయ్యో తారీఖుకి జేబు ఖాళీ. ఎక్కడికి పోతున్నాయో తెలీట్లేదు."

స్లిప్పు చూపించమన్నాను. బేసిక్ 1,200, ఫుడ్ 300, ఓటీ (ఓవర్‌టైమ్) 325. 1,200ని 30 రోజులకి, రోజుకి 8 గంటలకి పంచితే గంటకి 5 దిర్హాములు. ఓటీకి ఇక్కడి చట్టం ప్రకారం పాతిక శాతం ఎక్కువ, అంటే 6.25. రోజుకి రెండు గంటల లెక్కన 26 రోజులు చేస్తే ఆ 325. సైట్‌లో పని తగ్గితే ముందు కోసేది దాన్నే. కాబట్టి నీ జీతం 1,500. అందులో 300 తిండికే. బకాలాలో (ఇక్కడి కిరాణా కొట్టు) ఖాతా మాత్రం పెట్టొద్దు, పరోటాలూ కూల్‌డ్రింకులూ నెలాఖరుకి ఎంతవుతాయో నీకే అంతుపట్టదు.

మిగిలిన 1,200లో నేనైతే ఇంటికి 500, అప్పుకి 400, సబ్బులూ రీఛార్జులకి 150, కదపకుండా దాచేది 150 అంటాను. ఇంటికి నెలకి ఒక్కసారే పంపు. పంపిన ప్రతిసారీ ఫీజు కోస్తారు.

ఆ దాచేది ఎందుకో నాకు తిత్లీ తుపాను నేర్పింది. మాది సోంపేట దగ్గర. ఇంటి స్లాబు పిచ్చిలో ఓటీతో సహా అంతా ఊడ్చి పంపేవాణ్ణి. 2018 అక్టోబరులో తుపాను వచ్చి కొబ్బరితోట పడుకుంది. అమ్మ ఫోను చేసి, "చెట్టు ఒక్కటీ నిలబడనేదురా. అప్పోలు ఇంటికాడే కూకున్నారు," అంది. నా చేతిలో 200 దిర్హాములున్నాయి. మళ్లీ మూడు రూపాయల వడ్డీకి తేవాల్సి వచ్చింది. ఆ స్లాబుకి చాలా రోజులు ఇనపచువ్వలే మిగిలాయి.

ఇక అప్పు. వీసాకని లక్షన్నర రూపాయలు తెచ్చానన్నాడు ఆ తమ్ముడు. (లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగేది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే. మిగతాది ఎవరు తిన్నారో వాడికీ తెలుసు.) నూటికి రెండు రూపాయల వడ్డీ, నెలకి 3,000, ఏడాదికి 36,000. ఊళ్లో "రెండ్రూపాయలే కదా" అంటారు, బ్యాంకు భాషలో అది 24 శాతం. 400 దిర్హాములు పంపితే తొమ్మిదివేల పైనే. వడ్డీ పోగా మిగిలింది అసలులోకి పోతుంది. ఓటీ వచ్చిన నెల అది కూడా అసలుకే కట్టు. చెల్లెలి గొలుసు, నాన్నకి బండి, అన్నీ ఆ తర్వాతే. అడిగితే కోపాలొస్తాయి, రానీ.

కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమని ఇంట్లో చెప్పు. మా వాళ్లు మొహమాటపడి రాయించలేదు. రెండుసార్లు కట్టింది లెక్కలోకే రాలేదు.