రిగ్ దగ్గర ఎక్స్ మైనస్ చూపిస్తోందని వైర్ పెంచకండి

మీరు చెప్పింది ఇదీ కదా: హ్యామ్ రేడియో 40 మీటర్ల బ్యాండ్‌కి (7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) డాబా మీద ఇన్వర్టెడ్ వీ (మధ్యలో పైకెత్తి రెండు చేతులూ కిందికి వాల్చిన వైరు యాంటెన్నా), రెండు వైపులా కలిపి వైరు 20.8 మీటర్లు, కిందికి 21 మీటర్ల ఆర్‌జీ 58 కోయాక్సియల్ కేబుల్. రిగ్ (రేడియో సెట్) దగ్గర నానో వీఎన్ఏ (యాంటెన్నాని కొలిచే చిన్న మీటరు) తగిలిస్తే 7.1 మెగాహెర్ట్జ్‌లో ఆర్ (రెసిస్టెన్స్) 27, ఎక్స్ (రియాక్టెన్స్) మైనస్ 22 ఓమ్స్, ఎస్‌డబ్ల్యుఆర్ (యాంటెన్నా 50 ఓమ్స్ కేబుల్‌కి ఎంత కుదిరిందో చెప్పే అంకె, 1 అయితే సరిగ్గా కుదిరినట్టు) 2.3. అదే 6.85 దగ్గరైతే 1.2కి దిగుతోంది. ఎక్స్ మైనస్ కాబట్టి వైరు పొట్టిదైంది, ఇంకాస్త కలపాలా అని అడిగారు.

వద్దండీ, కలపకండి. మీ వైరు ఉండాల్సిన దానికంటే పొడుగుంది.

ఆ 27, మైనస్ 22 యాంటెన్నావి కావు, కేబుల్ చివర కనిపించేవి. ఆర్‌జీ 58లో వెలాసిటీ ఫ్యాక్టర్ (గాలిలో కంటే కేబుల్‌లో సిగ్నల్ ఎంత నెమ్మదో చెప్పేది) 0.66 కాబట్టి 7.1 దగ్గర కేబుల్ లోపల సగం తరంగం అంటే సుమారు 13.9 మీటర్లు, పావు తరంగం ఏడు మీటర్లు, మీ 21 మీటర్లు దాదాపు మూడు పావులు. పావు తరంగం కేబుల్ ఏం చేస్తుందంటే ఇంపెడెన్స్‌ని (ఆర్, ఎక్స్ కలిసినదాన్ని) తలకిందులు చేస్తుంది, 50 స్క్వేర్ అంటే 2500ని అవతల ఉన్నదానితో భాగిస్తే వచ్చేది ఇవతల కనబడుతుంది, మూడు పావులైనా అంతే. లెక్క వెనక్కి వేస్తే మీ ఫీడ్ పాయింట్ (కేబుల్ యాంటెన్నాకి కలిసే చోటు) దగ్గర ఆర్ 55 చిల్లర, ఎక్స్ ప్లస్ 45 ఉంటుంది. ప్లస్ అంటే ఇండక్టివ్, అంటే పొడుగే. నా యాంటెన్నాకి కూడా కింద షాక్‌లో (రేడియో పెట్టుకున్న గదిలో) మైనస్, నిచ్చెన ఎక్కి ఫీడ్ పాయింట్ దగ్గర కొలిస్తే ప్లస్ వచ్చేది, వైరు అదే, మీటరు అదే.

కేబుల్ మార్చలేనిది ఎస్‌డబ్ల్యుఆర్ ఒక్కటే, లాస్ వల్ల కొంచెం బాగున్నట్టు కనిపిస్తుంది అంతే (అందుకే నీళ్లు దిగిన పాత కేబుల్‌తో అన్ని బ్యాండ్లలోనూ ఎస్‌డబ్ల్యుఆర్ అద్భుతంగా వస్తుంది, మురిసిపోకండి). కింద నుంచి ట్యూన్ చేసేటప్పుడు ఎస్‌డబ్ల్యుఆర్ ఎక్కడ కనిష్ఠంగా ఉందో అదే చూడండి. మీది 6.85, కావాల్సింది 7.1, కాబట్టి 20.8ని 6.85తో గుణించి 7.1తో భాగిస్తే సుమారు 20.07, అంటే ఒక్కో వైపు 36 సెంటీమీటర్లు తగ్గాలి. కత్తిరించకుండా వెనక్కి మడిచి వైరుకే గట్టిగా చుట్టండి, ముందు 25 మడిచి చూసి తర్వాత మిగతాది.

ఆర్, ఎక్స్ నిజంగానే కావాలంటే కేబుల్ పై కొసని కిందికి దించి ఓపెన్, షార్ట్, లోడ్ అనే క్యాలిబ్రేషన్ ముక్కలు మూడూ ఒక్కొక్కటిగా ఆ కొసకి తగిలించి క్యాలిబ్రేట్ చేయండి, అప్పుడు షాక్‌లో కూర్చున్నా ఫీడ్ పాయింట్ విలువలే కనబడతాయి. అయితే ముందు స్వీప్ (మీటరు కొలిచే ఫ్రీక్వెన్సీల పరిధి) 6 నుంచి 8 మెగాహెర్ట్జ్‌కి పెట్టి, ఆ తర్వాతే క్యాలిబ్రేషన్. చాలామంది 900 మెగాహెర్ట్జ్ దాకా మొత్తం రేంజ్‌లో చేసేస్తారు, పాత మోడల్‌లో ఉన్నవి 101 పాయింట్లే, అంటే పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య తొమ్మిది మెగాహెర్ట్జ్, మీ 40 మీటర్ల బ్యాండ్ మొత్తం ఆ సందులో పడిపోతుంది.

కేబుల్‌ని చేత్తో పట్టుకుంటే రీడింగ్ కదులుతోందా? కదిలితే కేబుల్ షీల్డ్ (ప్లాస్టిక్ తొడుగు కింది లోహపు అల్లిక) బయటి వైపు కూడా యాంటెన్నాలో భాగమైపోయినట్టే, ఫీడ్ పాయింట్ దగ్గర మిక్స్ 43 ఫెరైట్ టొరాయిడ్ మీద అదే కేబుల్‌ని 10-12 చుట్లు చుట్టి చోక్ (షీల్డ్ బయటి వైపు పారే కరెంటుని ఆపేది) పెట్టేదాకా ఏ అంకెనీ నమ్మకండి.

ఇంకోటి, స్క్రీన్ మీద జెడ్ (ఆర్, ఎక్స్ కలిపిన మొత్తం పరిమాణం) 50 అని చూసి సంబరపడేవాళ్లని చూశాను. ఆర్ 30, ఎక్స్ 40 అయినా జెడ్ 50యే వస్తుంది, ఎస్‌డబ్ల్యుఆర్ మాత్రం 3. అలాగే పుస్తకంలో 73 ఓమ్స్ అని రాసింది చుట్టూ ఏమీ లేని చోట తిన్నగా చాచి కట్టిన డైపోల్ (రెండు చేతుల వైరు యాంటెన్నా) సంగతి, రెండు చేతులూ కిందికి వాలి, కింద స్లాబులో ఇనుప చువ్వలు, పక్కన వాటర్ ట్యాంకు ఉన్న మన డాబాల మీద 73 కోసం వెతకడం దండగ, మీకొచ్చిన 55 చాలా మంచి విలువ.

మీటర్ తగిలించే ముందు ప్రతిసారీ కేబుల్ మధ్య పిన్నుని బాడీకి ఒకసారి షార్ట్ చేయండి, ఎండాకాలం గాలికి పొడుగు వైర్లలో స్టాటిక్ పేరుకుంటుంది, ఆ చిన్న పెట్టె దానికి తట్టుకోదు. రిగ్ ఆన్‌లో ఉండగా దాన్ని అదే లైన్‌లో ఉంచి పీటీటీ (ట్రాన్స్‌మిట్ బటన్) మాత్రం నొక్కకండి.