కుండీల్లో మిరప: ముందు ఆకు తిరగేసి చూడండి

మీరు అడిగింది ఇదీ: డాబా మీద ఆరు కుండీల్లో మిరప వేశారు, రెండు పూటలా నీళ్లు పోస్తున్నారు, పదిహేను రోజులకోసారి గుప్పెడు యూరియా వేస్తున్నారు, అయినా ఆకులు ముడుచుకుపోతున్నాయి, పూత రాలిపోతోంది, దక్కిన నాలుగు కాయల్లోనూ కారం లేదు, ఏదైనా మందు చెప్పండి అని. మందు సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ యూరియా డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టేయండి.

ఇదే పని నేనూ చేశాను కాబట్టి చెప్తున్నా. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద మొదటిసారి వేసినప్పుడు మొక్కలు నడుము ఎత్తు పెరిగాయి, ఆకులు ముదురాకుపచ్చగా నిగనిగలాడేవి, బట్టలు ఆరేయడానికి పైకొచ్చిన ప్రతివాళ్లూ మెచ్చుకునేవాళ్లు, కాయ మాత్రం ఒక్కటీ లేదు. మా మామగారిది సత్తెనపల్లి దగ్గర ఊరు, ముప్పై ఏళ్లుగా మిరప వేస్తున్న మనిషి. దసరాకి వచ్చినప్పుడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పైకెళ్లి చూసి, "ఏమ్మా, ఇది మిరపా, తోటకూరా?" అన్నారు. యూరియాలో ఉండేది నత్రజని, అది ఎక్కువైతే మొక్క ఆకు మీద ఆకు వేస్తుంది గానీ పూతకి రాదు, పైగా ఆ లేత చిగుళ్లంటే రసం పీల్చే పురుగులకి పండగ. ఇప్పుడు నేను వేసేది నెలకోసారి రెండు గుప్పెళ్ల బాగా మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి, అంతే. కుండీ పన్నెండు అంగుళాలది, అడుగున చిల్లులు తప్పనిసరి, ఒక కుండీకి ఒక మొక్క. మట్టి మరీ బిగుసుకుపోకుండా ఎర్రమట్టిలో మూడోవంతు ఎరువు, కాస్త కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కలిపితే చాలు.

నీళ్లు కూడా అంతే. మిరపకి తడి కావాలి, బురద పనికిరాదు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. మధ్యాహ్నం ఆకులు వాడినట్టు కనిపించగానే చెంబు పట్టుకుని పరిగెత్తకండి, చాలాసార్లు సాయంత్రానికి అవే లేస్తాయి. మట్టి తడిగానే ఉండి సాయంత్రమైనా లేవలేదంటే మాత్రం వేరు కుళ్లుతోందని అనుమానించాలి.

ఇక అసలు విషయం, ముడత. అందరూ "ఆకు ముడత" అని ఒకటే మాట అనేసి ఒకటే మందు కొడతారు, కానీ ఎటు ముడుచుకుందో చూస్తేనే ఎవరు చేశారో తెలుస్తుంది. అంచులు పైకి లేచి ఆకు పడవలా అయితే అది పై ముడత, రసం పీల్చే సన్నటి తామర పురుగు (థ్రిప్స్) పని. అంచులు కిందికి వంగి, పడవని బోర్లించినట్టు అయి, ఆకు సన్నబడి కాడ సాగిపోతే అది కింది ముడత, నల్లి పని (మంచాల్లో ఉండే నల్లి కాదు, మొక్కల రసం పీల్చే మైట్). ఇవి రెండూ కాకుండా ఆకులు చిన్నవైపోయి, బొబ్బలు లేచినట్టు ముద్దగా ముడతలు పడి, మొక్క గిడసబారిపోతే అది బొబ్బర తెగులు. వైరస్ అది, తెల్లదోమ మోసుకొస్తుంది. మామగారు ఆ రోజు చేసింది ఏమిటంటే, నా చేతిలో ఉన్న తెల్ల కాగితం లాక్కుని (కరెంటు బిల్లు వెనకవైపు) చిగురు కింద పట్టి రెండుసార్లు తట్టారు, దాని మీద సన్నటి గీతల్లాంటివి పాకుతూ కనిపించాయి. తామర పురుగులు. నల్లి అయితే అలా కూడా కళ్లకి ఆనదు, భూతద్దం ఉండాలి.

తామర పురుగుకి నేను చేసేది: వరసగా మూడు రోజులు పొద్దున్నే పైపుతో ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టడం, తర్వాత లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి ఆకుల రెండు వైపులా పిచికారీ చేయడం, వారానికోసారి, మూడు వారాలు. సాయంత్రం మాత్రమే. ఒకసారి ఏప్రిల్‌లో ఆదివారం కదా తీరిగ్గా ఉన్నానని పదకొండు గంటలకి కొట్టాను, రెండు రోజుల్లో ఆకులన్నీ ఇస్త్రీపెట్టె అంటుకున్నట్టు మాడిపోయాయి. నీలం రంగు జిగురు అట్టలు కూడా కట్టండి, తామర పురుగు నీలానికి వస్తుంది, తెల్లదోమ పసుపుకి వస్తుంది. నల్లి అసలు కీటకమే కాదు, సాలీడు జాతి, అందుకే మామూలు పురుగుమందులు చాలావాటికి లొంగదు. దానికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం కొట్టకండి, ఎండ మండుతున్నప్పుడూ వద్దు, ఆకు కాలుతుంది. బొబ్బరకి మందు లేదు. ఆ మొక్క పీకేసి కవర్లో మూటగట్టి పారేయాలి, మనసొప్పక ఉంచితే పక్క అయిదింటికీ పాకుతుంది. నేను మనసొప్పకే ఉంచాను, ఆ ఏడు మార్కెట్లోనే కొనుక్కున్నాం.

పూత రాలడానికి ముందు పువ్వు విప్పి చూడండి. 2021లో గుంటూరు, ఖమ్మం, వరంగల్ వైపు మిరప తోటల్ని నాశనం చేసిన నల్ల తామర పురుగు ఎక్కువగా పువ్వుల్లోనే ఉంటుంది. ఆ ఏడు మామగారి గొంతు ఫోన్లో వింటుంటేనే భయమేసేది, ఎకరాలకి ఎకరాలు పీకేసిన రైతులున్నారు. పువ్వులో పురుగు లేకపోతే, ఎండ ఎంత ఉందో చూడండి. 35 డిగ్రీలు దాటితే పూత నిలవడం కష్టం, అది మీ తప్పూ కాదు, మొక్క తప్పూ కాదు. ఏప్రిల్, మే నెలల్లో షేడ్ నెట్ కట్టి మొక్కని బతికించుకోండి చాలు. జూన్‌లో వానలు పడ్డాక కొమ్మలు మూడోవంతు కత్తిరించేస్తే మళ్లీ చిగురిస్తుంది. మిరప ఒక్క పంటతో చచ్చిపోయే మొక్క కాదు, మా దగ్గర ఒకటి మూడో ఏడు కూడా కాసింది.

కారం సంగతికొస్తే, మీరు తెచ్చిన నారు ఏ రకమో కనుక్కున్నారా? నాకు ఒక నర్సరీ అతను గుంటూరు మిర్చి అని ఒట్టేసి ఇచ్చింది తీరా కాస్తే బజ్జీ మిర్చి. రకంలోనే కారం లేకపోతే మీరేం చేసినా రాదు. వరంగల్ వైపు చపాటా చూడండి, ఎర్రగా టమాటాలా ఉంటుంది, రంగు బోలెడు, కారం తక్కువ. తేజ సన్నగా ఉండి నోరు మండిస్తుంది. నేను వేసేది గుంటూరు లాం పరిశోధన కేంద్రం వాళ్ల ఎల్.సి.ఎ. 334 రకం, మామగారు పంపిన గింజలు. కిరాణా కొట్టు ఎండుమిర్చి గింజలూ మొలుస్తాయి, కానీ అవి హైబ్రిడ్‌వి అయితే మొక్కకో తీరు కాస్తాయి. రకం మంచిదైతే, కాయ ముదిరే రోజుల్లో నీళ్లు కాస్త తగ్గించి చూడండి, ఘాటు పెరుగుతుంది. అన్నట్టు పక్కన క్యాప్సికం పెట్టడం వల్ల కారం పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి, దాని పుప్పొడి వచ్చి కలిసినా ఆ ప్రభావం వచ్చే ఏడు ఆ గింజలు నాటితే కనిపిస్తుంది గానీ ఈ ఏడు కాయలో కాదు. కారం ఉండేది కూడా గింజలో కాదు, గింజలు అంటిపెట్టుకుని ఉండే ఆ తెల్లటి భాగంలో.

ఒక ఏడు సరదాకి భూత్ జోలోకియా కూడా వేశాను, 2007లో గిన్నిస్ వాళ్లు ప్రపంచంలోకెల్లా ఘాటైనదన్న ఆ అస్సాం వైపు మిరప. గింజ మొలవడానికే నెల పట్టింది. కాసిన కాయ ఒకటి కోసి, చేతులు నీళ్లతో కడుక్కుని పడుకున్నాను, రాత్రంతా వేళ్లు మండాయి. కొబ్బరినూనె రాసి ఆ తర్వాత సబ్బుతో కడగాలని అప్పుడు తెలిసింది, ఆ కారం నూనెలో కరుగుతుంది గానీ నీళ్లకి పోదు.

ఇప్పుడు నా ఆరు కుండీలు అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా నలుగురున్న మా ఇంట్లో పచ్చిమిర్చి కొననివ్వవు. ఏడాది కారం మాత్రం ఇప్పటికీ మామగారి దగ్గర నుంచే వస్తుంది, డబ్బా మూత మీద "తోటకూర అమ్మాయికి" అని రాసి మరీ పంపుతారు.