కిరాణా కొట్టుకు ఏ స్కానర్?

ప్రశ్న: మాది తెనాలిలో చిన్న కిరాణా కొట్టు. బిల్లులు కంప్యూటర్లో వేద్దామని బార్‌కోడ్ స్కానర్ కొనబోతే లేజర్, టూడీ అని రెండు రకాలు చూపించారు. టూడీ ఖరీదు ఎక్కువ. మాకు లేజర్ చాలదా? కందిపప్పు, మినపప్పు మేమే ప్యాకెట్లు కడతాం.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నేను పన్నెండేళ్లు మెడికల్ షాపు కౌంటర్లో కూర్చున్నాను. నా మాట విని టూడీనే తీసుకోండి.

లేజర్ గన్‌లోంచి వచ్చే ఎర్ర వెలుగు గీతల మీద అటూ ఇటూ పరిగెడుతుంది. తెల్ల ఖాళీ దగ్గర వెలుగు వెనక్కి వస్తుంది, నల్ల గీత దగ్గర రాదు. ఆ తేడాని పట్టుకునే అంకెలు చదువుతుంది. సబ్బులు, బిస్కెట్ల వరకు ఇబ్బంది లేదు. క్యూఆర్ కోడ్ మాత్రం చదవలేదు. ఫోన్ తెర మీది కోడ్ దగ్గరా చాలాసార్లు మొరాయిస్తుంది. టూడీ గన్ ఫొటో తీసి చదువుతుంది కాబట్టి రెండు పనులూ అవుతాయి.

మీ పప్పు లేబుళ్ల మీద గీతలు నలుపులోనే వేయించండి. చూడముచ్చటగా ఉంటాయని నేనొకసారి ఎరుపులో వేయించాను. ఎర్ర వెలుగుకి ఎరుపూ తెలుపూ ఒకటే! 500 లేబుళ్లలో ఒక్కదానికీ బీప్ రాలేదు. గీతలకి రెండు పక్కలా కాస్త తెల్ల ఖాళీ కూడా వదలాలి.

ఇంకొకటి మరీ మరీ చెబుతున్నాను. సరుకుల మీద ఉండే ఆ 13 అంకెల్లో ధర ఉండదు. అది ఏ సరుకో మాత్రమే తెలుస్తుంది. ధర మీరు కంప్యూటర్లో ఎక్కించిందే పడుతుంది. కంపెనీ ఎమ్మార్పీ పెంచినా చాలాసార్లు కోడ్ మారదు. పాత స్టాకు, కొత్త స్టాకు పక్కపక్కనే ఉంటే పాత ప్యాకెట్‌కి కొత్త రేటు పడిపోతుంది. అచ్చేసిన ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోకూడదు కదమ్మా, పైగా రోజూ వచ్చే మనిషికి మన మీద నమ్మకం పోతుంది. అందుకని ఒకే కోడ్‌కి రెండు ఎమ్మార్పీలు చూపించే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అడగండి.

కొనడానికి వెళ్లేటప్పుడు మీ కొట్లోంచి మెరిసే చిప్స్ ప్యాకెట్, ముడతలు పడ్డ నూనె ప్యాకెట్, ఓ సన్నటి గుండ్రటి సీసా సంచిలో వేసుకెళ్లండి. వాళ్ల కంప్యూటర్లో నోట్‌ప్యాడ్ తెరిపించి స్కాన్ చేయండి. మామూలు స్కానర్లు కీబోర్డులాగే పనిచేస్తాయి, చదివిన అంకెలు అక్కడ టైపవుతాయి. గీతల కింద అచ్చేసిన అంకెలతో అన్నీ సరిపోయాకే డబ్బులివ్వండి.