‘--నుంచి డాక్స్’ అంటే తెలుగవుతుందా?

సందేహం: డాక్యుమెంట్లను ఒక ఫార్మాట్ నుంచి మరో ఫార్మాట్‌లోకి మార్చే ప్రోగ్రాం రాస్తున్నాం. కమాండ్ లైన్ ఆప్షన్లకు (టైపు చేసే ఆదేశానికి జోడించే సూచనలకు) తెలుగు పేర్లు పెట్టాలని ఫ్రమ్, టు అనేవాటిని ‘--నుంచి’, ‘--కి’ అన్నాం. ‘--నుంచి డాక్స్’ (డాక్స్ అంటే వర్డ్ ఫైలు ఫార్మాట్) అంటే ఎందుకో అతకడం లేదు. ఆప్షన్‌ను ఐచ్ఛికం అనవచ్చా?
– ఒక పాఠకురాలు, మధురవాడ, విశాఖపట్నం

సమాధానం: మీ చెవికి తట్టింది నిజమే. ‘నుంచి’, ‘కి’ పేరు వెనక చేరే మాటలు. ‘ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి సింహాచలానికి’ అంటాం గాని ‘నుంచి కాంప్లెక్సు’ అనం. ఇంగ్లిషులో ఫ్రమ్ పేరుకు ముందు వస్తుంది, కమాండ్‌లో ఆప్షన్ కూడా విలువకు ముందే ఉంటుంది. అందుకే డాక్యుమెంట్ల ఫార్మాట్ మార్చే పాన్‌డాక్ వంటి సాధనాల్లో ఆ మాట చక్కగా ఇమిడింది. మనకు ఆ చోట నామవాచకం కావాలి. పైగా ‘కి’ ఒంటరిగా నిలవదు. బడికి, చెట్టుకు అన్నట్టు ముందున్న అచ్చును బట్టి కి, కు అని మారుతుంది. ‘నుంచి’ని ‘నుండి’ అని రాసేవాళ్లూ ఉన్నారు. వాళ్లు అలా కొడితే ప్రోగ్రాం ఒప్పుకోదు.

అసలు ‘మార్చు’ కోరేది ‘కి’ని కాదు, ‘గా’ను. వడ్లను బియ్యంగా మారుస్తాం, బియ్యానికి మార్చం. వాడకం వివరించే సహాయ వాక్యంలో ‘డాక్స్ ఫైలును పీడీఎఫ్‌గా మారుస్తుంది’ అని రాయండి. అక్కడ ‘ను’ వదలకండి; ‘ఫైలు మార్చు’ అంటే ఈ ఫైలు తీసి ఇంకోటి పెట్టు అనే అర్థమూ వస్తుంది.

పేర్లు ఇలా పెడితే బాగుంటుంది:

మార్చు --మూలరూపం=డాక్స్ --కొత్తరూపం=పీడీఎఫ్ --కొత్తఫైలు=నివేదిక.పీడీఎఫ్

‘మూలం’ అని ఊరుకుంటే ఫైలా, ఫార్మాటా అన్నది తేలదు. సమాసాలను కలిపే రాయండి. కాగితం మీద ‘విషయ సూచిక’ అని విడదీసినా ఎవరూ తప్పు పట్టరు. కమాండ్ లైన్‌లో ఖాళీ వస్తే ప్రోగ్రాం ‘సూచిక’ను ఫైలు పేరనుకుంటుంది. విషయసూచిక అక్కర్లేదని చెప్పేటప్పుడు ఇంగ్లిషు ‘నో’లాగా ముందు ఏదీ తగిలించకండి. మన నిషేధం చివర ఉంటుంది: ‘--విషయసూచిక-వద్దు’.

కంటికి కనబడని చిక్కులు ఇంకొన్ని ఉన్నాయి. ‘ఫైలు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గీత అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. చూపుకు ఒకటే, పోల్చితే వేరు. కొన్ని కీబోర్డులు ‘డాక్స్’ చివరి పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతాన్ని చేరుస్తాయి. అందుకే పోల్చే ముందు ఇచ్చిన మాటను ఎన్ఎఫ్‌సీ రూపానికి (ఇలాంటి రెండు రాతలను ఒకటిగా చేసే యూనికోడ్ రూపానికి) తెచ్చి, ఆ అదృశ్య సంకేతాలను తీసేయండి. ఒంటి అక్షరపు ఆప్షన్లు తెలుగులో పెట్టవద్దు. ‘మూ’ మనకు ఒక అక్షరమే గాని, యూనికోడ్ సంకేతాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మకారం 3 బైట్లు, దీర్ఘం 3 బైట్లు. ఒక్కో బైటునే అక్షరంగా చదివే పాత సి భాషా లైబ్రరీలు తడబడతాయి. ఇక సహాయ పత్రాన్ని వర్డ్ ప్రాసెసర్‌లో రాస్తే రెండు అడ్డగీతలు కలిసిపోయి ఒక పొడుగు గీత కావచ్చు. దాన్ని కాపీ చేసుకున్నవారికి కమాండ్ పనిచేయదు.

ఐచ్ఛికం విషయానికొస్తే, నాకు సమ్మతం కాదు. ఐచ్ఛిక సెలవు అంటే ఇష్టమైతే పెట్టుకునేది. మీ ప్రోగ్రాంలో ‘--కొత్తరూపం’ ఇచ్చి తీరాలనుకోండి, అప్పుడు ‘ఈ ఐచ్ఛికం తప్పనిసరి’ అని రాయాల్సి వస్తుంది! వైకల్పికం కూడా అంతే: ‘ఏమి+అంటివి’ ఏమంటివి అనైనా, ఏమియంటివి అనైనా కావచ్చన్నప్పుడు వాడే మాట అది. ‘ఆప్షన్’ అందరికీ తెలిసిందే, ఉంచేయండి.

క్రియారూపం ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి ఉండాలి. మనిషి యంత్రానికి చెప్పేది ‘మార్చు’. యంత్రం మనిషికి చెప్పేటప్పుడు మర్యాద కావాలి: ‘కొత్తరూపం ఏదో చెప్పలేదు. ఫార్మాట్ పేరు ఇవ్వండి.’